దొరసాని గోకిన రగ్గు

దొరసానికి ఆ ఇంట్లో నూకలు చెల్లాయని పొద్దున్నే తేలిపోయింది. కోడలు బుట్టకు తాడు కడుతూ చెప్పేసింది.

"ఇవాళ డాక్టరు దగ్గర సూది వేయించి, అటునుంచి అటే గోడౌనాయనకి ఇచ్చేస్తాను అత్తయ్యా. ఆయనకి ఎలుకల బెడద, మనకి దీని బెడద. ఇద్దరికీ ఒకేసారి వదిలిపోతుంది."

"నీ ఇష్టం అమ్మాయ్," అంది అత్తగారు. అనేసి, కాళ్ళ దగ్గరున్న రగ్గు వైపు చూడలేక గోడ వైపు చూసింది.

దొరసాని అంటే పిల్లి. దాని నడకలోని ఠీవి చూసి అత్తగారి కొడుకు పెట్టిన పేరు. తిండి పెట్టేది కోడలు, పడక మాత్రం అత్తగారి కాళ్ళ దగ్గర. గొడవంతా ఇంట్లో వస్తున్న వాసనతో మొదలైంది. కోడలు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. కడిగిన గిన్నెను కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసే మనిషి. ఒకరోజు కేకు తీసుకెళ్ళడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి, "ఏమిటో వాసన వస్తోందండీ," అంది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ అలా వెళ్ళగానే ఇల్లంతా ముక్కుతోనే గాలించింది. అత్తగారి గదిలోకి వచ్చేసరికి దొరసాని మంచం పక్కన రగ్గును ముందుకాలితో గోకుతోంది. ఒకపక్క గోకి, వాసన చూసి, మళ్ళీ ఇంకోపక్క గోకి, రగ్గు అంచును మధ్యకు లాగుతోంది.

"దొంగమొహమా! చేసిందంతా చేసి కప్పెట్టుకుంటున్నావా?" అంది కోడలు. "చూశారా అత్తయ్యా దీని తెలివి? బల్ల మీంచి తరిమానని నా మీద కక్ష కట్టింది. ఛీ, మనుషులుండే గదేనా ఇది!"

ఆ చివరి మాట అత్తగారికి సూటిగా తగిలింది. నిజం చెప్పడానికే నోరు తెరిచింది. వచ్చిన మాట మాత్రం వేరు.

"అవునే, నిన్న కూడా చేసింది. నేను చూశాను."

ఆవిడ ఏమీ చూడలేదు. కొన్నాళ్ళుగా దగ్గు వస్తే చాలు, మంచం దిగబోతే చాలు, ఒంటి మీద పట్టు తప్పి మూత్రం పడిపోతోంది. గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను స్నానాలగదిలో పిండి, కిటికీ అవతల ఎవరి కంటా పడకుండా ఆరేసుకుంటోంది. రగ్గులోకి ఇంకింది మాత్రం అక్కడే ఉండిపోతోంది.

ఆ రోజు దొరసానిని బాల్కనీలోకి నెట్టింది కోడలే గాని, లేచి వెళ్ళి గడియ పెట్టింది అత్తగారు. అది అద్దం తలుపుకు ముక్కు ఆనించి ఆవిడనే చూస్తూ కూర్చుంది. చలికి జాలిపడి మళ్ళీ లోపలికి రానిచ్చారు. మళ్ళీ వాసన వచ్చింది. మళ్ళీ నింద దాని నెత్తినే పడింది.

అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆసుపత్రి వార్డులో నర్సు. ఎందరు పెద్దవాళ్ళ పక్కలు మార్చిందో లెక్కలేదు. వాళ్ళు మొహం గోడకు తిప్పుకుంటే, దుప్పటి లాగుతూ, "సిగ్గెందుకు పెద్దమ్మా, ఒళ్ళన్నాక ఇలాంటివి ఉండవూ?" అని గలగలా నవ్వేది. ఆ మాటతో వాళ్ళ సిగ్గు ఎగిరిపోతుందనే అనుకునేది. అది అంత తేలిగ్గా పోయేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పొద్దున, "నేనూ వస్తాను," అని బుట్ట చంకన పెట్టుకుని కోడలితో బయలుదేరింది.

జంతువుల డాక్టరు కోడలు చెప్పిందంతా విని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దొరసాని పొట్ట నెమ్మదిగా నొక్కి చూశాడు.

"లోపల ఏమీ ఇబ్బంది లేదు. నొప్పి ఉంటే ఈపాటికి నా వేలు దక్కేది కాదు. దొడ్డికి మట్టి పెట్టె వాడుతోందా?"

"రోజూ వాడుతోంది. అదే కదండీ నా మంట! పెట్టె ఉండగా రగ్గెందుకు? పగ కాకపోతే?"

"పగ పెట్టుకునే తీరిక మనుషులకేనమ్మా. పిల్లి చోటు మార్చిందంటే జబ్బో, భయమో, పెట్టె నచ్చకపోవడమో ఉంటుంది. గోకడం చూశారు సరే, పోయడం చూశారా?"

"గోకడం చూశాక ఇంకేం చూడాలండీ?"

"నా కాఫీ కప్పు చుట్టూ కూడా గోకుతాయివి. కాఫీ అవి పోసిందేనా? ముక్కుకి ఘాటుగా తగిలితే చాలు, ఎవరిదన్నది చూడవు, కప్పబోతాయి. పుట్టుకతో వచ్చిన పని. ఇంట్లో ఇంకో జంతువేమైనా ఉందా?"

"మా ఆయనున్నారు," అంది కోడలు. డాక్టరు పకపకా నవ్వాడు. ఆ నవ్వు మొహంతోనే కోడలు ఇటు తిరిగింది. "అయినా మా అత్తయ్య కళ్ళారా చూశారు. చెప్పండి అత్తయ్యా."

డాక్టరు సూదిమందు ఎక్కిస్తూ, "గోడౌన్లో మొదట కొన్నాళ్ళు కట్టేసి ఉంచమనండి, లేకపోతే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తుంది," అన్నాడు. దొరసాని బెదిరి, బల్ల అంచుకు జరిగి, అత్తగారి మోచేతి సందులో తల దూర్చేసింది.

తల ఊపితే సరిపోయేది. ఊపబోయింది కూడా.

"నేను చూడలేదు," అంది.

"అదేమిటి? చూశానన్నారుగా?"

"అబద్ధం చెప్పాను అమ్మాయ్. అది చెయ్యలేదు." వార్డులో అందరికీ పంచిపెట్టిన ధైర్యం మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చెవులు కాలిపోతున్నాయి. "నేనే."

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు కుళాయి కింద అలాగే ఉంచాడు. కోడలు బుట్ట తాడు ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది.

ఇంటికి నడుస్తూంటే కోడలే బుట్ట అందుకుంది. వీధి మలుపులో దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మనుషులుండే గదేనా అన్నాను ఆ రోజు," అంది.

"అన్నావులే."

"అందుకేనా చెప్పలేదు?"

కాదని అనేస్తే కోడలికి తేలిగ్గా ఉండేది. "అందుకే," అంది అత్తగారు. "అయినా నువ్వన్నది ఒక్క మాట. బాల్కనీ గడియ నా చేత్తో నేనే పెట్టాను."

కోడలు బుట్ట సందులోంచి దొరసానిని చూసింది. "గోడౌనాయన్ని వేరే పిల్లిని చూసుకోమంటాను," అంది. "ఎలుకలు పట్టడం మా దొరసానికి నామోషీ అని చెప్తాను." అత్తగారి మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. "రేపు మిమ్మల్ని మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

ఆ మధ్యాహ్నం అత్తగారికి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. మంచం దిగబోతూ ఆగింది. ఆగడం ఆలస్యమైంది. దొరసాని కాళ్ళ కిందికి వచ్చి, వాసన చూసి, రగ్గు గోకడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి అలవాటుగా దిండు కింది గుడ్డ దాకా వెళ్ళింది. దాన్ని పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ దిండు కిందే వదిలేసింది.

"అమ్మాయ్," అని పిలిచింది.

పిలిచిన గొంతు తనకే సరిగ్గా వినబడలేదు. కోడలికి వినబడకపోతే బాగుండుననిపించింది. వంటింట్లో కేకు పిండి కలుపుతున్న యంత్రం చప్పుడు ఆగిపోయింది.