ఇరవై నిమిషాల నీళ్లు

వంటింటికి సింకు కొనేవాళ్లు మెరుపు చూస్తారు, లోతు చూస్తారు, పక్కింటివాళ్లకున్న దానికంటే పెద్దదా కాదా అని మరీ చూస్తారు. దాంట్లోంచి రోజుకు ఎన్ని నీళ్లు పోతాయో ఆలోచించేవాళ్లు నూటికొకరు ఉంటే గొప్ప. వాచీలాయన భార్య ఆ నూటికొకరిలో లేదు. అందుకు ఆవిణ్ణి తప్పుపట్టే ముందు మనమంతా ఒకసారి మన వంటింట్లోకి తొంగి చూసుకోవడం మంచిది.

వాచీలాయన అంటే వీధి మలుపులో అద్దాల గదిలో కూర్చుని గడియారాలు బాగుచేసే మెకానిక్కు. కుడికంటికి చిన్న భూతద్దం తగిలించుకుని, వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగును పట్టకారుతో ఎత్తి దాని చోట్లో కూర్చోబెడతాడు. ఆయనా, భార్యా, చూపు మందగించిన తల్లీ, ముగ్గురూ ఆ కుడికంటి మీదే బతుకుతున్నారు.

సింకుల దుకాణంలో పనివాడు ముందు జంట తొట్ల సింకు చూపించాడు. "ఒకదాంట్లో గిన్నెలకు సబ్బు పట్టించుకోండమ్మా, రెండోదాంట్లో కాసిని నీళ్లు పోసుకుని జాడించుకోండి. కుళాయి వదిలేసి ఉంచక్కర్లేదు" అన్నాడు.

"ఈ గుంటల్లో మా పెద్ద గిన్నె పట్టాలంటే దాన్ని మడత పెట్టాలి" అని ఇల్లాలు పక్కకు జరిగింది.

పక్కన ఒంటి తొట్టి సింకు ఉంది. పసిపిల్లకు స్నానం చేయించేంత పెద్దది. అడుగున మందంగా రబ్బరు అంటించారు. పనివాడు వేళ్లతో దాన్ని కొట్టి చూపించాడు. "నీళ్లు పడుతున్నట్టు పక్కగదిలోకి కూడా వినబడదండీ" అన్నాడు. ఇల్లాలు ఇంక మూడో సింకు చూడలేదు.

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. పాతది పల్చటి రేకు సింకు. బొట్టు పడితే చాలు టంగుమనేది. ముందుగదిలో మంచం మీద పడుకున్న అత్తగారు, "అమ్మాయ్, కుళాయి" అని కేకేసేది. కోడలికి ఆ కేకంటే చిరాకు. కొత్త సింకు వచ్చాక ఆ చప్పుడూ లేదు, ఆ కేకా లేదు. ఇల్లు ఎంత నిమ్మళంగా ఉందో అని ఇల్లాలు ఎదురింటికీ కిందింటికీ చెప్పుకుని మురిసింది.

ఆ భవనంలో ఆరు ఇళ్లు. ఆరింటికీ మేడమీద ఉన్నది ఒకటే ట్యాంకు. రోజు విడిచి రోజు తెల్లవారుజామున దాంట్లోకి నీళ్లు వస్తాయి. అన్నిటికన్నా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటుంది. హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసి మానేసిన మనిషి. కంచాలు ముందు పాత కాగితంతో తుడిచి, సబ్బు పట్టించి, చెంబుతో లెక్కగా నీళ్లు పోసి కడుగుతుంది. కూరగాయలు గిన్నెలో కడిగి, ఆ నీళ్లు మొక్కలకు పోస్తుంది. ట్యాంకు నిండిన రోజునే రెండు బిందెలు పట్టి మూత పెట్టుకుంటుంది. అందుకే భవనంలో అందరికీ ఆవిడ చెంబు పెద్దమ్మ.

కొత్త సింకు చూడమని పిలిస్తే పెద్దమ్మ వచ్చి, వంగి, అటూ ఇటూ చూసింది. "బాగుంది అమ్మాయీ. లోపల ఒక టబ్బు పెట్టుకో. ధార కింద కడక్కు" అంది.

"మీలా చెంబుతో కడిగితే మా గిన్నెలకు తెల్లారిపోతుంది పెద్దమ్మా" అని ఇల్లాలు నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వి మెట్లు దిగి వెళ్లిపోయింది.

పెద్ద సింకుకు పెద్ద కడుపు. ఎంత చెత్త వేసినా కనబడదు. మెతుకులూ, నూనె జిడ్డూ, తొక్కలూ అన్నీ దాంట్లోకే పోయాయి. రెండు నెలలు తిరిగేసరికి పైపు పూడుకుని నీళ్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాయి. పైపు బాగుచేసేవాణ్ణి పిలవడానికి బద్ధకించి, ఇల్లాలు ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లు ఆగకుండా పోతూ ఉంటే ఆ బరువుకి చెత్త దానంతటదే కొట్టుకుపోదా? తొట్టి పొంగకుండా, ఖాళీ కాకుండా కుళాయిని సరిగ్గా ఒక పాళంలో తిప్పి పెట్టింది. తన తెలివికి తనే మెచ్చుకుంటూ ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుంది.

కుళాయి మాట మరిచిపోయింది. గుర్తుచేసే చప్పుడు లేదు. మంచం మీది అత్తగారికీ ఏమీ వినబడలేదు. రెండున్నర గంటల తర్వాత పొద్దున గిన్నెలో పట్టి ఉంచిన నీళ్లు పొయ్యి మీద పెడదామని వంటింట్లోకి వెళ్లేసరికి కుళాయి చివర ఒక్క బొట్టు వేలాడుతోంది. ఇల్లాలు గబుక్కున కుళాయి కట్టేసి, ఎవరైనా చూశారా అన్నట్టు వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఇవాళ అందరూ బాగా వాడేసుంటారులే అని తనకు తనే చెప్పుకుంది. మర్నాడు పొద్దుటిదాకా ట్యాంకులోకి నీళ్లు రావని ఆవిడకు తెలుసు.

మధ్యాహ్నం వాచీలాయన భోజనానికి వస్తూ పైపు శుభ్రం చేసే పొడి డబ్బా ఒకటి తెచ్చాడు. తెమ్మన్నది ఇల్లాలే. ఆయన మూత తీసి పైపు నోట్లో పొడి గుమ్మరించి కుళాయి తిప్పాడు. కుళాయి గుర్రుమని గాలి వదిలి ఊరుకుంది.

"నీళ్లు లేవేంటి? ఆ తాగే నీళ్ల జగ్గు ఇటివ్వు" అన్నాడు.

"తాగే నీళ్లు సింకులో పోస్తారా ఎవరైనా? పొయ్యి మీద వేడినీళ్లున్నాయిగా, అవి పోయండి" అంది ఇల్లాలు.

ఆ మాట తన నోటితోనే అంది. తర్వాత ఎన్ని రోజులు నాలుక కొరుక్కున్నా ఆ మాట వెనక్కి రాలేదు.

మరిగే నీళ్లు పొడి మీద పడగానే సింకు బుస్సుమంది. పైపులోంచి తెల్లటి నురగ మొహం ఎత్తున ఎగిసింది. వాచీలాయన గిన్నె వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుని కూలబడ్డాడు. "కన్ను. కుడికన్ను" అన్నాడు. కేక కూడా రాలేదు, గొంతు అంత సన్నగా వచ్చింది.

ఇల్లాలికి డబ్బా మీద పెద్ద అక్షరాలు కనబడ్డాయి. చన్నీళ్లు మాత్రమే వాడాలి. కంట్లో పడితే వెంటనే, ఆపకుండా, ఇరవై నిమిషాలు నీళ్లతో కడగాలి. ఇరవై నిమిషాలు. కుళాయి తిప్పింది. గాలి. స్నానాల గదిలో తిప్పింది. గాలి. బకెట్టు పొద్దున్నే బట్టలకు ఖాళీ అయింది. తాగే నీళ్ల జగ్గూ, ఒక సీసా ఉన్నాయి. వాటిని కంటిమీద గుమ్మరించింది. రెండు నిమిషాలకు రెండూ అయిపోయాయి.

"ఇంకా పొయ్యి. మండుతోంది, పొయ్యి" అంటున్నాడు వాచీలాయన.

"ఏమైందమ్మాయ్? వాడేమంటున్నాడు?" అని అత్తగారు గోడ పట్టుకుని వస్తోంది. ఇల్లాలు వాకిట్లోకి పరుగెత్తింది.

ఎదురింటి తలుపు కొట్టింది. ఆవిడ దగ్గర బట్టలు నానబెట్టిన సబ్బునీళ్లు తప్ప మరేమీ లేవు. పక్కింటికి తాళం. మెట్లు రెండేసి దిగి కిందింటికి వెళ్లింది. ఆవిడ ఖాళీ బకెట్టు చేత్తో పట్టుకునే తలుపు తీసింది. "మాకూ రావట్లేదు. ఎవరో మహాతల్లి పొద్దుట్నుంచీ ట్యాంకంతా ఊడ్చేసింది. వాళ్ల చెయ్యి విరగ" అంది.

ఆ తిట్టు ఇల్లాలికి సూటిగా తగిలింది. తేలు కుట్టిన దొంగలా ఒక్క మాట మాట్లాడకుండా ఇంకా కిందికి దిగింది. ఆరు ఇళ్లలోనూ నీళ్లు లేకుండా చేసింది తనే. పై మెట్ల నుంచి భర్త మూలుగు వినబడుతోంది. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ ఆ పొడి కంటిని తినేస్తూ ఉంటుంది. ఆవిడకు జన్మలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

చెంబు పెద్దమ్మ తలుపు తీసింది. ఇల్లాలు వగరుస్తూ రెండు ముక్కల్లో చెప్పింది. పెద్దమ్మ ఎందుకు, ఎలా అని అడగలేదు.

"ఏ కన్ను?"

"కుడిది పెద్దమ్మా."

"ఇక్కడికి తీసుకురా. త్వరగా. రుద్దనివ్వకు."

భర్తను మెట్ల మీద నడిపిస్తూ దించేసరికి పెద్దమ్మ వరండాలో చాప వేసి, బిందెలు రెండూ బయటికి లాగి పెట్టింది. వాచీలాయనను కుడి పక్కకు పడుకోబెట్టింది, పొడి కలిసిన నీళ్లు మంచి కంట్లోకి జారకుండా. "రెప్పలు నువ్వు తెరిచి పట్టుకో. వేళ్లు వణికినా వదలకు" అంది. ముక్కు పక్కనుంచి చెంబుతో సన్నగా పొయ్యడం మొదలుపెట్టింది.

కన్ను ఎర్రగా వాచి ఉంది. నల్లగుడ్డు మీద పాలు చల్లినట్టు తెల్లటి మసక. నీళ్లు తగిలినప్పుడల్లా ఆయన వెన్ను విల్లులా లేస్తోంది. ఇల్లాలు రెప్పలు వదల్లేదు. ఒక చెంబు అయ్యేలోపు పెద్దమ్మ రెండోది ముంచుతోంది. ఒక్క బొట్టు పక్కకు పోనివ్వడం లేదు.

మొదటి బిందె అయిపోయింది. ఇల్లాలు రెండో బిందె వైపు చూసింది. ఇది కూడా అయిపోతే? ఆవిడ చూపు గోడగడియారానికీ బిందెకూ మధ్య తిరుగుతోంది. పదకొండు నిమిషాలు. పదమూడు. బిందెలో నీళ్లు సగానికి వచ్చాయి. ఎప్పుడూ దేవుణ్ణి పెద్దగా తలుచుకోని మనిషి, లోపల్లోపల నీళ్లకే దండం పెట్టుకుంది.

ఇరవై ఒకటో నిమిషంలో చెంబు బిందె అడుగున తగిలింది. అప్పటికి ఎదురింటావిడ బండి పిలిపించి వాకిట్లో నిలబెట్టింది.

కంటి డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. "చూపు ఉంటుందా?" అని ఇల్లాలు అడిగింది.

"వారం ఆగితే గాని చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్తాను. కడక్కుండా తీసుకొచ్చుంటే ఆగాల్సిన పని కూడా ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. వాచీలాయన కంటికి కట్టుతో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. "ఒంటికన్నుతో పని చెయ్యలేనా అమ్మా?" అని తల్లిని రోజుకు పదిసార్లు అడిగేవాడు. ఆవిడ తడుముకుంటూ కొడుకు తల నిమిరేది. ఇల్లాలు కుళాయి దగ్గరికి వెళ్లాలంటే భయపడేది. మరచెంబు నిండాలన్నా కళ్లు దానిమీదే పెట్టి నిలబడేది. ఆ పూట ట్యాంకు ఖాళీ చేసింది తనేనని భర్తకు చెప్పింది. ఆయన కంటి కట్టు తడుముకున్నాడు. చివరకు, "అందరికీ చెప్పు" అన్నాడు.

ఎనిమిదో రోజున కట్టు విప్పారు. ముందు మసక, తర్వాత వెలుగు, తర్వాత గోడమీది అక్షరాలు. పెద్దవి చదివాడు, చిన్నవి చదివాడు, ఆఖరి వరుస దగ్గర తడబడి ఆగాడు. "ఇది కూడా వస్తుంది, కంగారుపడకండి" అంది డాక్టరమ్మ. ఇల్లాలు ఆ గదిలోనే నేలమీద కూర్చుని భోరున ఏడ్చింది.

ఆ ఆదివారం ఆరు ఇళ్లవాళ్లూ మేడమీద చేరారు. ట్యాంకు ఎక్కడో కారుతోందని అందరి అనుమానం. పైపు పనివాడు చుట్టూ తడిమి, ఎక్కడా చెమ్మ లేదన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇల్లాలు కాసేపు నీళ్లు నమిలింది. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసే దారి లేదు. పెద్దమ్మ ఖాళీ బిందె పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇల్లాలు ఆవిడ వైపు చూసి, ముందుకు వచ్చింది.

"ట్యాంకు కారట్లేదండీ. ఆ రోజు ఖాళీ చేసింది నేనే. పైపు బాగుచేయించడానికి బద్ధకించి రెండున్నర గంటలు కుళాయి వదిలేశాను. మా ఆయన కన్ను కడగడానికి రెండు బిందెలు చాలాయి. నేను పారబోసినవి ఎన్ని బిందెలో నాకే తెలియదు" అంది.

ఆ రోజు తిట్టిన కిందింటావిడ తల దించుకుంది.

ఇల్లాలు ఆగలేదు. "నాకు ఇంకో భయం పట్టుకుంది. కాలింది మా ఆయన కన్ను కాబట్టి నా తప్పు నాకు తెలిసింది. అదే మీ ఇంట్లో ఎవరిదో అయ్యుంటే, నీళ్లు లేక ఆ కన్ను పోయుంటే, నేను వచ్చి అయ్యో పాపం అనేసి మళ్లీ కుళాయి తిప్పుకునేదాన్ని. కుళాయి మన ఇంట్లో ఉన్నంత మాత్రాన నీళ్లు మనవైపోవు. ఇవాళ మనం ఊరికే వదిలేసే నీళ్లు ఏ ఇంట్లో ఎవరి ప్రాణానికి కావాలో మనకు తెలియదు. తెలియదు కాబట్టే దాచాలి."