నాన్న బొమ్మకు సూది

ఆసుపత్రిలో పిల్లలంతా ఆటలక్క అని పిలిచే ఆవిడ నాలుగేళ్ల బుజ్జిదాని ముందు రెండు గుడ్డబొమ్మలు పెట్టింది. ఛాతీలో మందులెక్కించే గొట్టం ఉన్న చిన్న బొమ్మ బుజ్జిది. పెద్ద బొమ్మ, పిల్లకు ఎక్కించడానికి తన మూలకణాలు ఇచ్చే నాన్న. మర్నాడు పిల్లకు నిజంగానే గొట్టం వేస్తారు. ఆటలోనే భయం తీర్చమని, సూది లేని సిరంజి తల్లి చేతికిచ్చి వెళ్ళింది.

తల్లి పెద్ద బొమ్మను చూసింది. పిల్లకు రక్తంలో జబ్బని తేలిన నెలలోనే ఇంకొకావిడతో కాపురం పెట్టిన మనిషి. ఇప్పుడు అతని మూలకణాలే దిక్కయ్యాయి. వాటిని ముందే తీసి దాచడానికి రోజూ వేస్తున్న సూదులకు అతని ఎముకలు పీకేస్తున్నాయని నర్సు చెప్పినప్పుడు ఆమె కడుపు చల్లబడింది.

“నాన్నకెందుకమ్మా సూది?”

“మనల్ని వదిలేసి పోయాడుగా, అందుకు. ఇంకా గట్టిగా పొడువు.”

పిల్ల కిలకిలా నవ్వుతూ పొడిచింది. తల్లి తొడ చూపించింది, నడుం చూపించింది. అతని మొహం మీద అనలేకపోయినవన్నీ ఆ చిట్టి చేత్తో అనిపించింది. ఆ రోజు అన్నం కూడా సయించింది.

మర్నాడు నర్సు మత్తుసూది తెచ్చేసరికి పిల్ల మంచం కిందికి దూరింది. ఎంత బతిమాలినా రాలేదు. తల్లి నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాచింది.

“నేనేం తప్పు చేశానమ్మా? నేనెవర్నీ వదిలేసి పోలేదుగా.”

గొట్టం పడకపోతే మందు ఎక్కించలేరు, మందు ఎక్కకపోతే అతని కణాలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సూదులు మంచివాళ్ళకూ వేస్తారని చెప్పి చూసింది. పిల్ల ఇంకా గోడవైపు జరిగింది.

అతను వరండాలో నడుం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా ఆమె అతనితో మాట్లాడలేదు.

“లోపలికి రా. ఆ సూదులెందుకు వేయించుకుంటున్నావో దానికి నువ్వే చెప్పు. నిన్ను మంచివాడని నా నోటితో అనలేను.”

అతను మూలుగుతూ మంచం పక్కన చతికిలబడి చొక్కా పైకెత్తాడు. పొట్ట మీది సూది మచ్చలన్నీ నీ కోసమేనని కూతురికి చెప్పాడు. మంచం కిందనుంచి ఒక చిన్న వేలు వచ్చి ఒక మచ్చ మీద ఆగింది.

“నొప్పా?”

“బాగా.”

పిల్ల పాకుతూ వచ్చి అతని మెడ చుట్టూ చేతులేసింది. ఆ చేతులకేసి తల్లి రెప్ప వేయకుండా చూసింది. పిల్ల అలా వాటేసుకున్నందుకు కూడా అతన్ని క్షమించేది లేదు. కూతుర్ని ఎత్తుకుని గొట్టం వేసే గదికి కుంటుకుంటూ వస్తున్న అతనికి, తలుపు తెరిచి పట్టుకుంది.