నల్లగీతల పేజీ

"శ్రుతితీరం"లో అచ్చుతప్పు ఉండదని గొప్పలు చెప్పుకునే హక్కు మాకుండేది. పెళ్లయిన ఏడాది నుంచీ నేనూ, మావారు శ్రీరామ్మూర్తీ ఈ సంగీత పత్రిక నడిపాం. పూర్ణా మార్కెట్ వెనక సందులో, జిలానీ బాషా ప్రెస్సు మేడమీద, ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చునేవాళ్లం.

కీర్తనల స్వరాలు కళ్లతో చూసి దిద్దితే చుక్కలు తప్పిపోతాయి. అక్షరం మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద ఉంటే కింది స్థాయి. అందుకని ప్రూఫు నేను పాడేదాన్ని, ఆయన మూలప్రతి పట్టుకుని వినేవారు. తప్పు దొర్లితే ఉంగరం వేలితో బల్లమీద టక్‌మని ఒక్కసారి కొట్టేవారు. టక్ పడ్డ పేజీ సరయ్యేదాకా మెట్లు దిగకూడదు. పాటే కాదు, చందాదారుల ఉత్తరమైనా సరే ఆయన ముందు పైకి చదవాల్సిందే. మహా చాదస్తం మనిషి.

మొన్న వేసవిలో ఆయన పోయారు. ఆ మాట రాయలేక రెండు సంచికలు ఎగ్గొట్టాను. చందాదారులు ఫోన్లు చేసి నిలదీస్తే చివరికి రాశాను. దిద్దాల్సింది ఆ సంతాపవార్త ఉన్న నల్లగీతల పేజీ ఒక్కటే మిగిలింది. మిట్టమధ్యాహ్నం, హార్బర్లో ఏదో ఓడ సైరన్ మోగుతోంది. అలవాటు పోక ఖాళీ కుర్చీ ఎదుట కూర్చుని పైకి చదివాను.

"శ్రీరామ్మూర్తి గారు ఇక లేరు."

టక్.

ఆ ఉంగరం ఇంట్లో బీరువాలో ఉంది, తాళంచెవి నా కొంగున ఉంది. ఎలకేమోనని మళ్లీ చదివాను. అదే మాట దగ్గర మళ్లీ టక్.

కిందినుంచి జిలానీ బాషా కేకేశాడు. "అమ్మగారూ, టక్ పడినాది కదా, ఇంకా దిద్దుతన్నారా?"

అన్నాక గానీ, టక్ కొట్టే మనిషి లేరని గుర్తు రాలేదేమో. కింద పాడుతున్న రేడియో ఆగిపోయింది.

తేదీ మార్చాను. ఇంటిపేరు చేర్చాను. "లేరు" కొట్టేసి "కన్నుమూశారు" అని పెట్టాను. ఏం పెట్టినా టక్కే. బతికుండగా నాతో వాదించిందీ ఇలాగే, నోరు విప్పకుండా. ఒళ్లు మండింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు.

"ఏటండీ మీ గోల! ఒక్కరే పోయారని రాస్తే మీకు తప్పా?" అని, పెన్సిలుతో ఆయన పేరు పక్కన నా పేరు రాసి చదివాను.

"శ్రీరామ్మూర్తి, గౌరీశ్వరి ఇక లేరు."

టక్ పడలేదు.

పేజీ సరిపోయినప్పుడు ఆయన తల వెనక్కి వాల్చి ఇలాగే ఊరుకునేవారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన దగ్గరికి వెళ్లిపోదామనీ అనిపించింది. ఎదురుగా ఆయన లేని ఈ బల్ల దగ్గర కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

కానీ బల్లమీద వచ్చే సంచిక పని ఉంది. భీమిలి ముసలావిడ ఒకామె ఫోనులో పాడి పంపిన కీర్తనకు నేనే స్వరాలు రాశాను. ఇంతవరకూ ఎక్కడా అచ్చుకాలేదు. నేను పోతే దాన్ని పాడి దిద్దేదెవరు?

నా పేరు రబ్బరుతో చెరిపేశాను. కాగితం చిరిగేలా రుద్దాను.

"నాను ఇప్పుడే రాను," అన్నాను కుర్చీతో. "పనుంది."

టక్. టక్. టక్. జన్మలో ఒక్కసారికి మించి కొట్టని మనిషి.

"బాషా! పేజీ పట్టుకుపో!"

అతను పై మెట్టు దగ్గరే నిలబడిపోయాడు. గదిలోకి అడుగు పెట్టలేదు. "తప్పుండగా ఎలాగ ఏత్తానమ్మా?"

"తప్పుతోనే వెయ్యి."

అలాగే అచ్చయింది.

నిన్న కొత్త సంచిక ప్రూఫు తీశాను. భీమిలి కీర్తన మొదటినుంచీ చివరిదాకా పాడాను. ఎక్కడా చప్పుడు లేదు. ప్రాణం కుదుటపడింది. ఎప్పటిలాగే పేజీ అడుగున ఉన్న ఆఖరి వరుస చదివాను.

"సంపాదకురాలు, గౌరీశ్వరి."

టక్.

గొంతు సవరించుకుని, ఇంకా గట్టిగా చదివాను.