చన్నీళ్ళ కాగితం

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. కాగితం చేసే తొమెయో మామ్మ. బడి నుంచి వచ్చిన ఒకుమురా మాస్టారు. రియోటా, హోనోకా, కసుమి — ఆ కొండ ఊరి బడిలో ఆరో తరగతి అంటే ఆ ముగ్గురే.

ఐదు నోళ్ళు. ఐదు ఆవిర్లు.

బయట మంచు. లోపల అంతకంటే చలి.

ఆ ఊళ్ళో ఆరో తరగతి దాటే పిల్లలు తమ బడి పట్టాకి కాగితం తామే చేసుకోవాలి. దాని మీదే పేరు రాసి ఇస్తారు. కసుమి వాళ్ళ అమ్మది ఇప్పటికీ ఇంటి గోడ మీద ఉంది. ఓ మూల పలచగా... ఆ రోజు అమ్మ చెయ్యి వణికిన చోటు.

తొట్టి నిండా చన్నీళ్ళు. నీళ్ళలో మల్బరీ నార. నారని నీళ్ళలో తేల్చి ఉంచడానికి దుంప దంచి తీసిన జిగురు.

మామ్మ వెదురు తెరని ముంచింది. ఎత్తింది. ఊపింది.

చప్... చప్... చప్...

నీళ్ళు తొందరపడలేదు. నార తొందరపడలేదు. తెర మీద పొర మీద పొర — ఎవరూ తొక్కని మంచులా తెల్లగా పరుచుకుంది.

కసుమి కళ్ళు మామ్మ చేతుల మీదే ఉన్నాయి.

ఆ చేతులు! ఎర్రగా, కణుపులు లేచి, గోళ్ళ పక్కన చీలికలతో... ఆ చేతులు నీళ్ళతో ఏదో చెబుతున్నాయి. నీళ్ళు వింటున్నాయి.

పది కాగితాలకోసారి అవి పక్కనున్న వేడినీళ్ళ గిన్నెలో మునుగుతాయి. ఒక్క క్షణం. మళ్ళీ చలిలోకి.

"చల్లగా లేదా మామ్మా?" హోనోకా అడిగింది.

"అరవై ఏళ్ళ నుంచీ చల్లగానే ఉంది. నువ్వడిగావని వేడెక్కుతుందా?"

అన్నాలకి అందరూ పక్క గదిలోకి వెళ్ళారు. కసుమి వెనకబడింది.

గిన్నె చూసింది. తొట్టి చూసింది. ఆ చీలికలు గుర్తొచ్చాయి.

గిన్నె ఎత్తి తొట్టిలో వంచేసింది. దాని పక్కనున్న పెద్ద కేటిల్‌లోని వేడినీళ్ళు కూడా.

తిని వచ్చాక మొదటి వంతు రియోటాది. ముంచాడు. ఎత్తాడు.

నీళ్ళు జర్రున కారిపోయాయి. నార ముద్దలు కట్టింది.

"కాగితం చెయ్యమంటే అన్నం ముద్దలు చేశావేంట్రా!" హోనోకా పకపకా నవ్వింది.

"మామ్మ చూపించినట్టే చేశాగా!"

"నీవి మొద్దు చేతులురా. నెమ్మదిగా అని ఎన్నిసార్లు చెప్పాను?" మాస్టారు విసుక్కున్నారు.

మళ్ళీ ముంచాడు. మళ్ళీ ముద్దలే.

"అయితే నాకు పట్టా ఇవ్వరా మాస్టారూ?" వాడు తెర కింద పెట్టేశాడు.

కసుమి హాజరు పలకడానికే ఎర్రబడిపోయే పిల్ల. గొంతులో మాట గడ్డకట్టుకుని ఉంది. అది కరిగేదాకా ఆగలేదు — విరిచి బయటికి తీసింది.

"వాడు కాదు... నేనే. వేడినీళ్ళు పోశాను."

మామ్మ తొట్టిలో వేలు ముంచింది. బొటనవేలితో రాసి చూసింది.

"జిగురు చచ్చిపోయింది. వెచ్చదనం తగిలితే అంతే." తలెత్తింది. "ఎందుకు పోశావే?"

కసుమి మామ్మ చేతుల వంక చూసింది.

మామ్మ కూడా చూసుకుంది — అవి ఎవరివో అన్నట్టు.

"వెర్రి పిల్లా."

తిట్టింది కాబోలు. కాదేమో.

"మాస్టారూ, వాళ్ళిద్దర్నీ పక్క గదిలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి." మూలనున్న బుట్ట ముందుకు జరిపింది. అడుగున నాలుగే దుంపలు. ఎవర్నీ ముట్టుకోనివ్వని దుంపలు. వాటి పక్కన, ఎవర్నీ పట్టుకోనివ్వని కొయ్య సుత్తి.

సుత్తి తీసి కసుమి చేతిలో పెట్టింది.

"ఈ చలికాలానికి ఇవే ఆఖరు. దంచి చన్నీళ్ళలో పిసుకు. వేళ్ళు మండుతాయి. ఆపకు. తొట్టి నీళ్ళు చల్లారేసరికి జిగురొస్తే ముగ్గురికీ కాగితం. రాకపోతే..."

మామ్మ ఖాళీ గిన్నె చంకన పెట్టుకుంది. కేటిల్ కూడా తీసుకుంది. వెచ్చగా ఉన్నదేదీ గదిలో మిగల్చలేదు.

గుమ్మంలో ఆగి ఒక్కసారి వెనక్కి చూసింది — కసుమి మొహాన్ని కాదు, చేతుల్ని.

తలుపు మూసింది.

ఒక్క నోరు... ఒక్క ఆవిరి.