కింది పెదవి నరం

పెంటయ్య దవడ వాచిన రోజు, సూర్యాపేట పోవడానికి బండి కట్టి సిద్ధంగానే ఉంది. కోదాడ దాకా బండిలో పోయి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికల్లా దవాఖానలో ఉండొచ్చు. ఆ బండిని ఆపింది దామోదర్.

దామోదర్ చిలుకూరు పటేలు కొడుకు. బొంబాయిలో పళ్ళ డాక్టరు చదువుతున్నాడు. కిందటి సెలవుల్లో రజాకార్ల భయానికి ఇంటివాళ్ళంతా బెజవాడలో తలదాచుకుంటే అక్కడికే పోయాడు. పోలీసు యాక్షన్ అయ్యాక సొంత ఊరికి రావడం ఇదే మొదలు. వచ్చిన నాటి నుంచి ఊళ్ళో అందరూ 'డాక్టరు పటేలు' అంటుంటే వినడానికి బాగుంది.

పెంటయ్య సన్నాయి ఊదేవాడు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా కాస్త ఉన్నవాళ్ళ పెళ్ళి అంటే ఆయన మేళమే. కుడి పక్క కింది దవడ చివరి పన్ను పుచ్చి, చీము దవడ కిందికి దిగింది. నోరు తెరవలేక, మింగలేక, బండిలో గడ్డి మీద పడుకొని మూలుగుతున్నాడు.

"గంత దూరం ఎందుకు? సూర్యాపేట డాక్టరు చేసేది నేను గీడ చెయ్యలేనా?" అన్నాడు దామోదర్.

పెంటయ్య భార్య ఉప్పలమ్మ సందేహంగా చూసింది. "నీకు వస్తదా, చిన్న పటేలా?"

"నేను సదివేది గదే గదమ్మా."

పెంటయ్యను దించి పటేలు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. కత్తిని నీళ్ళలో మరగబెట్టారు. చుట్టూ పది మంది చేరారు. పటేలు కూడా కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు.

దామోదర్ ఆ ఏడే తల, మెడ శరీర నిర్మాణం చదివాడు. శవం మీద దవడ చర్మం ఒలిచి, ఒక్కొక్క నరాన్నీ వేరు చేసి చూశాడు. చెవి ముందు నుంచి వచ్చే ముఖ నరం ఐదు పాయలుగా విడిపోతుందనీ, అందులో ఒక పాయ దవడ అంచు వెంబడి పోయి కింది పెదవిని కదిలిస్తుందనీ తెలుసు. "దవడ అంచు మీద కోయొద్దు. రెండు వేళ్ళు కిందికి దిగి కోయండి" అని ప్రొఫెసరు చెప్పిన మాట కూడా గుర్తుంది.

కానీ శవం దవడ వాచి ఉండదు. ఇక్కడ ఎముక అంచు ఎక్కడుందో వేలికి అందలేదు. కిందికి దిగి కోస్తే చీము దొరకకపోతే? పది మంది ముందు మళ్ళీ కోయాల్సి వస్తే? పైన ఒకచోట చర్మం ఎర్రగా, పలచగా, ఇప్పుడో ఇంకాసేపటికో పగిలేటట్టు ఉంది. అక్కడే కోశాడు.

చీము కారింది. చూసేవాళ్ళు "అబ్బా" అన్నారు. పెంటయ్య ఊపిరి తేలిగ్గా తీసుకున్నాడు. ఉప్పలమ్మ దామోదర్ కాళ్ళకు మొక్కబోతే అతను వెనక్కి జరిగాడు. ఆ రోజంతా పటేలు వచ్చినవాళ్ళకల్లా కొడుకు పనితనం చెప్పాడు.

వాపు తగ్గింది. పుచ్చు పన్ను కూడా దామోదరే పీకాడు. అయితే పెంటయ్య అంబలి తాగుతుంటే నోటి కుడి మూల నుంచి కారిపోతోంది.

"పెదవి నాది కానట్టే ఉంటున్నది, పటేలా."

"పండ్లు కనపడేటట్టు కింది పెదవి లాగు."

పెంటయ్య లాగాడు. ఎడమ పక్క పెదవి కిందికి దిగింది. కుడి పక్క కదల్లేదు. దామోదర్‌కు ప్రొఫెసరు చెప్పిన మాట మళ్ళీ గుర్తొచ్చింది.

"లోపల వాపు ఇంకా ఉన్నది. తగ్గితే అదే వస్తది" అన్నాడు, ఆయన ముఖం చూడకుండా.

నెల కావస్తున్నా పెదవి కదలలేదు. దామోదర్ పెంటయ్య ఇంటి బాట పట్టడమే మానేశాడు. ఒకనాడు పెంటయ్యే వచ్చాడు.

"దవడ మానెదాక సన్నాయి ముట్టలే. మిర్యాలగూడల వీరభద్రయ్య సావుకారి ఇంట్ల పెండ్లి. ఒప్పుకోమంటవా?"

వద్దంటే ఎందుకో చెప్పాలి. "ఒప్పుకో" అన్నాడు దామోదర్.

ఆ పెళ్ళికి పటేలు ఇంటికీ పిలుపు వచ్చింది. ఎదుర్కోళ్ళ దగ్గర పెంటయ్య సన్నాయి ఎత్తాడు. గాలి నోటి మూల నుంచి బుస్సున పోయింది. మళ్ళీ ఊదాడు. సన్నాయి కీచుమంది, చొంగ గడ్డం మీదుగా కారింది. పెళ్ళివాళ్ళలో ఎవరో "తాగొచ్చిండు!" అని అరిచారు. నవ్వులు. వీరభద్రయ్య మనుషులు ఆయన్ను రెక్క పట్టుకొని పందిరి బయటికి నడిపించారు. మాడుగులపల్లి నుంచి ఇంకో మేళం తెప్పించారు.

దామోదర్ పందిట్లోనే ఉన్నాడు. చేతిలో షర్బతు గ్లాసు ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లారి ఊరు చేరగానే పెంటయ్య ఇంటికి పోయాడు. పెంటయ్య గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"పెంటయ్యా, అది వాపు కాదు. పెదవిని కదిలించే నరం నేను కోసిన. కొయ్యకూడని కాడ కోసిన."

ఉప్పలమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. పెంటయ్య తల ఎత్తి చూశాడు.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"నువ్వు అంబలి తాగలేనన్ననాడే."

"తెల్సి నన్ను పెండ్లికి పొమ్మన్నవా?"

పెంటయ్య దవడ మీది మచ్చ తడుముకున్నాడు.

"సచ్చేటోన్ని బతికించినవు, అది కాదన. కానీ నా బతుకుల నేను కల్లు తాగి సన్నాయి ముట్టలే. గంత మందిల తాగినోన్ని చేసిరి. నువ్వొచ్చి చెప్పు ఆళ్ళకు."

ఇద్దరూ హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయారు. దారి పొడవునా పెంటయ్య బయటికే చూశాడు. సావుకారి వాకిట్లో, పెళ్ళికి వచ్చిన చుట్టాలు ఇంకా ఉండగానే, దామోదర్ జరిగింది చెప్పాడు.

వీరభద్రయ్య నవ్వాడు. "పెద్దింటి పిల్లగానివి. పనోని తప్పు నెత్తిన ఏసుకుంటున్నవు. గసుంటి మనసు ఎవరికుంటది?"

చుట్టాలంతా మెచ్చుకుంటున్నట్టు తలలూపారు. దామోదర్‌కు ముఖం మండిపోయింది. చేసిన తప్పు చెబుతుంటే అది కూడా తన గొప్పతనమే అవుతోంది. పక్కన పెంటయ్య పళ్ళు బిగించి నిలబడ్డాడు.

"మనసు కాదు సావుకారీ, సూడుండ్రి" అని తన దవడ మీదే వేలు పెట్టాడు దామోదర్. "నరం గిట్ల చెవి ముందటి నుంచి వచ్చి, ఈ అంచు మీదికెళ్ళి పెదవికి పోతది. ఈ ఏడంత గిదే సదివిన. గిక్కడ కొయ్యొద్దని తెల్సు. కోసిన."

వీరభద్రయ్య తల్లి పుష్పమ్మ ముసలావిడ. లేచి వచ్చి పెంటయ్య గడ్డం పట్టుకొని, దవడ మీది మచ్చ చూసింది. పెదవి లాగమంది. కదలని పక్కను చూసి, దామోదర్ వైపు తిరిగింది.

"పెండ్లినాడు నువ్వు గీడనే ఉంటివి గదా, బిడ్డా. షర్బతు నేనే ఇప్పిచ్చిన. అప్పుడెందుకు చెప్పలే?"

"భయమైంది."

ఆవిడ కొడుకును పిలిచి గట్టిగా చెప్పింది. "పెండ్లైన పదారోనాటి పండుగకు ఈని మేళమే రావాలె. సన్నాయి ఎవరన్న ఊదనియ్యి. ముందట ఈడు నడుస్తడు. ఎందుకో ఎవరడిగినా నువ్వే చెప్పు."

అలాగే జరిగింది. పెంటయ్య డోలు వాయిస్తూ ముందు నడిచాడు. సన్నాయి ఆయన తమ్ముడు ఊదాడు, అన్నంత బాగా కాకపోయినా.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో కూడా పెంటయ్యను దామోదర్ చూపించాడు. ఏడాది దాకా చూడాలి, పూర్తిగా తెగి ఉంటే ఇక రాదు అన్నారు. పటేలు మాత్రం ఇంటి పరువు బజారున పడేశావని కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

జ్యేష్ఠం చివరి ముహూర్తాల నాడు దామోదర్ బొంబాయికి బయల్దేరాడు. కోదాడ బజారులో పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చి బస్సు ఆగింది. డోలు పెంటయ్యది. మధ్యమధ్య భుజం మీది తువ్వాలుతో నోటి మూల తుడుచుకుంటున్నాడు. దామోదర్ కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. పెంటయ్య చూశాడు, ఒక్కసారి తలాడించాడు. అది పలకరింపో, పొమ్మనడమో దామోదర్‌కు తెలియలేదు. ఊరేగింపు పక్కకు జరిగింది, బస్సు కదిలింది.