పొయ్యి వెలిగించని వంట

"ఇక నీకు పొయ్యి దగ్గర పనే లేదోయ్," అని మా ఆయన ప్రకటించిన రోజు నుంచి నాకు నడుం వాల్చే తీరిక లేకుండా పోయింది.

ఎవరిదో ఉపన్యాసం విని వచ్చి, నిప్పు తగిలిన తిండి ముట్టనన్నారు. పచ్చి రొట్టె కావాలన్నారు. గోధుమలు నానబెట్టాలి. గుడ్డలో మూటకట్టి పూటపూటా తడపాలి. మొలక తెల్లగా ముక్కు బయటపెట్టగానే రుబ్బాలి. ఒక్క పూట ఆలస్యమైతే పిండి బంకలా సాగుతుంది. ఉల్లి, ఉప్పు, నువ్వులు కలిపి, పళ్ళెంలో పల్చగా పరిచి, పైన గుడ్డ కప్పి డాబా మీద ఎండబెట్టాలి. మధ్యలో తిరగెయ్యాలి. "పళ్ళెం, గుడ్డ, ఎండ. ఇంతకంటే సులువైన వంటుందా?" అంటారాయన. అత్తగారికీ అమ్మాయికీ మామూలు వంట ఎలాగూ తప్పదు. "వాడు తినేది గుప్పెడు. దానికింత ఆయాసమా?" అంటుంది అత్తగారు.

నేను కళ్ళ డాక్టరు గారి దగ్గర చీటీలు రాస్తాను. ఒళ్ళు అక్కడ, మనసు డాబా మీద. మబ్బు పట్టిందా? కాకులు గుడ్డ లాగేశాయా? అన్నం వేళకి పరుగున ఇంటికెళ్ళి, రొట్టె తిరగేసి, తినకుండానే తిరిగొస్తాను. మొన్న ఒకాయన కుడి కన్నుకి బదులు ఎడమ కన్ను అని రాశాను. డాక్టరమ్మ చూసి దిద్దింది కాబట్టి సరిపోయింది. "ధ్యాస ఎక్కడుందమ్మా నీకు?" అంది. రొట్టె మీద అని ఏ మొహంతో చెప్పను? పదకొండేళ్ళలో ఆ మాట పడటం అదే మొదలు. ఆ రోజంతా ప్రతి చీటీ రెండేసి సార్లు సరిచూసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన హుషారుగా ఉన్నారు. "ఆదివారం ఎనిమిది మందిని పిలిచాను. రొట్టె చెయ్యడం నేర్పిస్తాను."

"ఎవరు?"

"నేనే. నువ్వు సామాన్లు అందిస్తే చాలు."

ఆదివారం వాళ్ళొచ్చారు. జీవశక్తి గురించి ఆయన అరగంట అనర్గళంగా మాట్లాడారు. పుస్తకం తెరిచి కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరు అడిగింది: "మొలక ఎంత వస్తే రుబ్బాలండీ?"

ఆయన తడబడి, వేలెడు చూపించారు. వేలెడు మొలకైతే జిగురే మిగులుతుంది.

"మరి ఎండ లేని రోజు?"

ఆయన నా వైపు తిరిగారు. "చెప్పవోయ్! నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

అందరూ నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. నా చేతుల వైపే చూస్తోంది.

ఇన్నాళ్ళుగా కుదురులేని నా ప్రాణం ఎందుకో అప్పుడు నెమ్మదించింది. చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆయన నిలబడ్డ చోటికి వెళ్ళాను. టీచరు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించి, మెల్లగానే అన్నాను:

"అన్నీ చెప్తాను. మీరూ అలా కూర్చుని రాసుకోండి. రేపటి నుంచి మీ రొట్టె మీరే చేసుకోవాలి."