అరగంట మర్దన

మర్దనమ్మకు అసలు పేరొకటి ఉందని వీధిలో చాలామందికి తెలియదు. ముప్పై ఏళ్ళుగా పట్టేసిన మెడలూ బెణికిన నడుములూ ఆమె చేతుల్లోనే దారికొచ్చాయి. మందులంటే ఆమెకు చులకన. చేత్తో తగ్గేదానికి మాత్రలెందుకని ఎదుటివాళ్ళ నోరు మూయించేది. పొగరంటారా, పొగరే. దానికి తగ్గ పనితనం ఉండబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు.

ఆమెకున్న ఒక్కగానొక్క తమ్ముడు బస్సు డ్రైవరు. పెళ్ళీ పెటాకులూ లేవు, అక్క ఇల్లే అతని ఇల్లు. వైరస్ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు నర్సు పది ఇంజెక్షన్లు ఇచ్చి, రోజుకొకటి పొట్ట మీద ఎలా వేయాలో మర్దనమ్మకు నేర్పింది.

"జ్వరం తగ్గినా కొన్నాళ్ళు రక్తం గడ్డకట్టే భయం ఉంటుందమ్మా. మీ తమ్ముడికి మరీ ఎక్కువ. అందుకే ఇవి. సూది తీశాక దూదితో అదిమి పట్టుకోండి, రుద్దకండి," అంది.

మర్దనమ్మ తలూపింది. ఆమె తలూపినా చెయ్యి వినాలి కదా! సూది తీయగానే బొటనవేలు దానంతటదే గుండ్రంగా తిరిగేది. నాలుగో రోజుకి తమ్ముడి పొట్ట మీద అరచెయ్యంత నల్లటి మచ్చలు తేలాయి.

"ఈ మందు నీ ఒళ్ళు గుల్ల చేస్తోందిరా. ఇక చాలు, ఆపేద్దాం."

సూదంటే హడలిపోయే తమ్ముడు బతుకుజీవుడా అనుకున్నాడు. మిగిలిన ఆరు ఇంజెక్షన్లూ డబ్బాలోనే ఉండిపోయాయి. ఒకరిని అడిగి తెలుసుకోవడం మర్దనమ్మ జాతకంలోనే లేదు.

నాలుగు రోజులు గడిచాక ఒక సాయంత్రం అతను ఎడమ పిక్క పట్టేసిందన్నాడు. పడుకుని పడుకుని బిగుసుకుందనుకుని, ఆమె నూనె వేడిచేసి అరగంట సేపు చెమటలు కారేలా పిసికింది. ప్రాణం లేచొచ్చినట్టుందన్నాడు. పొద్దున చూస్తే పిక్క ఉబ్బి నిగనిగలాడుతోంది. మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆయాసపడుతున్నాడు.

"ఇంకాస్త పట్టు అక్కా. లోపల లాగేస్తోంది."

ఆమె రెండు పిక్కల మీదా చెరో చెయ్యి వేసింది. కుడిది మామూలుగానే ఉంది. ఎడమది కాలిపోతోంది, గట్టిగా ఉంది. ఎన్ని వేల కాళ్ళు పట్టిన చేతులవి! ఇది పట్టేసిన కండ కాదని వాటికి వెంటనే తెలిసిపోయింది. అక్కడే నిలబడి నర్సుకు ఫోన్ చేసింది.

"ఇంజెక్షన్లన్నీ వేశారా అమ్మా?"

"నాలుగు వేసి ఆపేశాను."

"అంబులెన్సు పంపిస్తున్నాను. అతన్ని నడవనివ్వకండి. కాల్లో గడ్డ కట్టి ఉంటే, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది. కాలికి మర్దనలాంటిదేమీ చెయ్యలేదు కదా?"

"లేదు," అంది మర్దనమ్మ.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. ఆసుపత్రి చేరేదాకా తమ్ముడి మొహం చూడలేకపోయింది.

డాక్టరమ్మ కాలు పరీక్షించి, స్కాన్ చేయించమని రాస్తూ అడిగింది. "ఈ ఆయాసం ఎప్పటినుంచి?"

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఉన్నదేనండీ," అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

"సరే, పాత నీరసమే అయి ఉంటుంది. ముందు కాలు చూద్దాం. ఛాతీ సంగతి రేపు చూసుకోవచ్చు."

అది నిజం కాదని మర్దనమ్మకు తెలుసు. మొన్నటిదాకా వీడు వరండాలో హాయిగా తిరిగాడు. ఆయాసం మొదలైంది నిన్న ఆమె పిసికిన తర్వాతే. ఆ సంగతి చెబితే తమ్ముణ్ణి తన చేతులే ఇక్కడిదాకా తెచ్చాయని నలుగురిలో ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. స్ట్రెచర్ అప్పుడే కదులుతోంది. తమ్ముడి పెదాలు నల్లబడుతున్నట్టు అనిపించింది.

ఆమె రెండు చేతులతో స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని ఆపేసింది.

"డాక్టరమ్మా, నేను అబద్ధమాడాను. నిన్న సాయంత్రం అరగంట ఆ కాలు పిసికాను. ఆయాసం ఆ తర్వాతే వచ్చింది. అంతకుముందు లేదు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టే తీరిక కూడా లేదు. "రేపు కాదు, ఛాతీ స్కాన్ ఇప్పుడే. పరుగెత్తండి," అని కేకేసింది.

రెండు గంటలకు కబురొచ్చింది. ఊపిరితిత్తుల్లో రెండు గడ్డ ముక్కలు దొరికాయి, నరంలోకి మందు ఎక్కుతోంది. రేపటిదాకా ఆగితే బతికేవాడని హామీ ఇవ్వలేకపోయేదాన్నని చెప్పింది డాక్టరమ్మ. మర్దన వల్లే కదిలిందా అని అడిగితే, అయి ఉండొచ్చంది. ఇంజెక్షన్లు ఆపకుండా ఉంటే గడ్డే కట్టేది కాదేమో అని కూడా అంది. మర్దనమ్మ రెండూ విని తల దించుకుంది.

సాయంత్రం లోపలికి పోనిచ్చారు. తమ్ముడు ముక్కుకు గొట్టంతో, కాస్త తేరుకుని ఉన్నాడు.

"జ్వరం దగ్గర్నుంచీ ఉందని ఎందుకు చెప్పావురా? నిన్న ఉందా నీకు ఆయాసం? ఒంటి మీద తెలివుండే చెప్పావా?"

అతను పక్కకి తిరిగి చూశాడు.

"తెలివుండే చెప్పాను. నువ్వు ఫోన్‌లో మర్దన చెయ్యలేదన్నావు కదక్కా. ఆయాసం ఇప్పుడే మొదలైందంటే నిన్న ఏం చేశారని అడుగుతారు. నిన్ను అబద్ధాలకోరును ఎలా చెయ్యను?"